రెండు రూపాయల బాకీ

తెనాలి,
ఆదివారం రాత్రి

ఒరేయ్ గాల్వనోమీటర్,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. ఎన్ని తిట్లు తిట్టినా పడతాను. అమ్మ మోకాళ్ళు కాస్త నయం, చిన్నది పదో తరగతి గట్టెక్కింది, పెరట్లో మామిడి ఈసారి కాపు లేదు. ఇంటి సంగతులు అంతే. ఇక అసలు విషయం. ఇది నీకు చెప్పేదాకా నాకు నిద్ర పట్టేలా లేదు.

తాతయ్య హార్మోనియం అటక మీద నుంచి దించాను!

కారణం నువ్వే. ఐర్లండ్‌లో మీ క్లేర్ జిల్లాలో కాన్సర్టీనా, అదే రెండు చేతులా పట్టుకుని వాయించే ఆ చిన్న తిత్తి పెట్టె, ఎక్కువగా ఆడవాళ్ళ చేతుల్లోనే బతికిందనీ, నువ్వు కలిసిన పెద్దావిడ తన పెట్టెను బాగుచేసినవాళ్ళ పేర్లు మూడు తరాలవి గడగడా చెప్పిందనీ రాశావు. చివర్లో ఒక ప్రశ్న వేశావు: "మన ఊళ్ళో హార్మోనియం చెడిపోతే ఎవరి దగ్గరికి వెళ్ళేవారురా?" పద్యనాటకాల ఊళ్ళో పుట్టాను, హార్మోనిస్టుకు మనవణ్ణి, అయినా నోట మాట రాలేదు. చాలా బాధేసింది.

అన్నట్టు, కాన్సర్టీనా చేసిన ఆ వీట్‌స్టోన్ మన ఇంటర్ ల్యాబులో బ్రిడ్జి వీట్‌స్టోనేనటరా! చదవగానే నువ్వే కళ్ళ ముందు కదిలావు. నీ గాల్వనోమీటర్ ముల్లు సున్నా దగ్గర నిలిచిందా ఇప్పటికైనా? సరే, సరే, ఆ రోజు ఎవరు వైరు పీకారో నేను ఎవరికీ చెప్పలేదు.

పెట్టెను దించానా, తిత్తిని ఎలుకలు కొట్టేశాయి. సగం మెట్లు నొక్కితే లేవడం లేదు. బజారంతా తిరిగాను. బాగుచేసేవాళ్ళు లేరు. చివరికి తాతయ్య తర్వాత నాటకాలకు వాయించిన మాస్టారి దగ్గరికి మోసుకెళ్ళాను. ఎనభై దాటాయి ఆయనకు. పెట్టెను చూడగానే లేచి నిలబడ్డారు, "మీ తాతగారిదే కదా నాయనా" అంటూ.

ఇద్దరం కూర్చుని మరలు విప్పాం. రీడ్లు, అదే స్వరం పలికే ఇత్తడి రేకులు, బిగించిన పలక ఎత్తి తిరగేశాం. అక్కడ, చెక్క మీద, పెన్సిల్ రాత! గుండ్రటి అక్షరాలు: "తిత్తి మార్చితిని. రెండు రూపాయలు బాకీ." దాని కింద ఇంకో చేతిరాత, అది పూర్తిగా చెరిగిపోయింది. నాకు ఒళ్ళు జలదరించింది. ఇన్నేళ్ళూ ఆ మాటలు మా అటక మీదే, చీకట్లో...

మాస్టారు ఒక ఇత్తడి రీడు తీసి భూతద్దం పెట్టి చూశారు. "కొస దగ్గర గీస్తే స్వరం పైకి వెళుతుంది, మొదట్లో గీస్తే కిందికి దిగుతుంది. ఇతను చూడు, ఎంత సన్నగా, అడ్డంగా గీశాడో. గడియారాలు బాగుచేసే చెయ్యి ఇది. స్టేషను రోడ్డులో కొట్టు ఉండేది ఆయనకు." రాతను బట్టి కాదురా, ఆకురాయి గీతను బట్టి మనిషిని పట్టేశారు! తర్వాత ఆ రీడును పెదవుల దగ్గర పెట్టుకుని గాలి పీల్చారు. సన్నటి స్వరం పలికింది. ఆయన కళ్ళు మూసుకున్నారు. నేను ఏమీ మాట్లాడలేకపోయాను.

ఆ తర్వాత మాటల్లో మాటగా రేడియో సంగతి వచ్చింది. మెట్టుకూ మెట్టుకూ మధ్య ఉండే గమకం పలకదని 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని బయటికి పంపేసింది కదా, ముప్పై ఏళ్ళు లోపలికి రానివ్వలేదు. "రేడియో వద్దంటే ఏమైంది, కాటిసీను వద్దనలేదుగా!" అన్నారు మాస్టారు. రాత్రంతా నాటకం, ఒక్కో పద్యానికి రెండేసి వన్స్‌మోర్లు, తెల్లారేసరికి తిత్తి చిరిగేది, పొద్దున్నే గడియారాల కొట్టు ముందు పెట్టె. ఆ కొట్టు ఇప్పుడు ఫోన్ల దుకాణం. కరపత్రాల్లో నటుల పేర్లు ఉన్నాయి, హార్మోనిస్టు పేరూ ఉంది. పెట్టెను బతికించినవాడి పేరు ఒక్క కాగితంలో కనిపించదు. అది నాకు అన్యాయంగా తోచిందిరా. అందుకే ఒక నోటుపుస్తకం మొదలుపెట్టాను. పాత హార్మోనియం ఎక్కడ ఉందని తెలిసినా వెళ్ళి, అడిగి, పలక తిరగేసి చూస్తున్నాను. ఇప్పటికి ఐదు పెట్టెలు చూశాను, రెండింటిలో రాతలు దొరికాయి. ఒకదాంట్లో అయితే... అది పెద్ద కథ, వచ్చే ఉత్తరంలో.

తాతయ్య ఆ రెండు రూపాయలు ఇచ్చాడో లేదో! నానమ్మ ఉంటే చెప్పేది. గడియారాలాయన కూతురు చీరాలలో ఉందని మాస్టారి కోడలు చెప్పింది. ఎల్లుండి వెళుతున్నాను. బాకీ తీరుస్తాను, ఆవిడ తీసుకుంటే. వాళ్ళ నాన్న పనిముట్లు ఏమైనా మిగిలాయేమో అడుగుతాను, ఆ ఆకురాయి ఒక్కటైనా...

మీ పెద్దావిడను నా కోసం ఒక మాట అడుగు. వాళ్ళ కాన్సర్టీనాల లోపల కూడా ఇలా రాసుకునేవారా? తప్పకుండా అడగాలి, మరిచి

మా బావమరిది ఆటో ఎక్కేశాడు, ఈ ఉత్తరం డబ్లిన్‌కు తెచ్చేది వాడే, గేటు దగ్గర నుంచి అరుస్తున్నాడు. ఉంటాను.

నీ
వైరు పీకనివాడు