అమ్మడూ, ఆ బీటు పోలీసాయన గురించి

అమ్మడూ,

నువ్వు పెన్ డ్రైవ్ లో వేసిచ్చిన ఆ అమెరికా టీవీ సీరియల్ ది బ్లూ నైట్ (The Blue Knight) మొత్తం చూశాను, నవల కూడా ఆ ఇంగ్లీషు బూతులు దాటుకుంటూ చదివా, మీ టీమ్ రాస్తున్న సిరీస్ లో హీరో హెడ్ కానిస్టేబుల్, నేనూ ఆ ఉద్యోగమే చేసినవాణ్ణి కాబట్టి నాన్నా నువ్వు చూసి చెప్పు అన్నావు కదా, అందుకే ఉన్నదున్నట్టు చెప్తున్నా, తర్వాత తిట్టుకోవద్దు.

ముందు నచ్చింది చెప్తా. ఆ బంపర్ మోర్గాన్ ఆఫీసర్ కాదు, డిటెక్టివ్ కాదు, లాస్ ఏంజెలెస్ లో యూనిఫాం వేసుకుని నడిచి తిరిగే మామూలు పోలీసు. 20 ఏళ్ళ సర్వీసు అయిపోవస్తోంది, పెళ్ళి చేసుకుందాం రమ్మని ప్రియురాలు క్యాసీ ఎదురుచూస్తోంది, ఈయనకేమో ఆ వీధులు వదలబుద్ధి కాదు. అంతే కథ. నవల మొత్తం ఆఖరి మూడు రోజులే. మన సినిమాల్లో పోలీసంటే జీపు దిగడం, కళ్ళజోడు తీయడం, గాల్లో పదిమంది ఎగరడం, బీటు కానిస్టేబుల్ ఏమో హీరో వెనకాల నవ్వించడానికి. ఈ కథ రాసిన జోసెఫ్ వామ్‌బా అక్కడి పోలీసే కదా, 1972లో నవల వచ్చినప్పుడూ, 1973 నవంబర్ లో ఎన్‌బీసీ టీవీ వాళ్ళు రోజుకో గంట చొప్పున వరసగా నాలుగు రాత్రులు వేసినప్పుడూ ఇంకా డ్యూటీలోనే ఉన్నాడు, పట్టుకొచ్చిన దొంగలే ఆటోగ్రాఫ్ అడుగుతుంటే ఇంక కుదరదని 1974లో మానేశాడు. అందుకే ఆ కాళ్ళ నొప్పి తెలిసిన రాత అది.

టీవీలో బంపర్ వేషం వేసిన విలియం హోల్డెన్ కి అప్పటికి 55. నవల్లో బంపర్ కి పెద్ద పొట్ట, ఈయనకి అది లేదు, అయినా నడకలో చూపించాడు, ఎమ్మీ టీవీ అవార్డు ఊరికే ఇవ్వలేదు.

ఇప్పుడు అసలు సంగతి. నవల్లో బంపరే నేను నేను అంటూ చెప్పుకుపోతాడు, ఎవడు దొంగో తనకెలా తెలిసిందో లోపల అనుకునేదంతా మనకి తెలుస్తుంది, టీవీలో ఆ గొంతు లేదు కదా, మీక్కూడా ఇదే తలనొప్పి అన్నావు. దానికి వాయిస్ ఓవర్ పెట్టొద్దు తల్లీ, నీకు దండం పెడతా. చూపించొచ్చు. మన చెన్నై కొత్వాల్ చావిడి గుర్తుందా, 1996లో మార్కెట్ కోయంబేడుకి పోకముందు రాత్రి బీటు ఎలా ఉండేదో చెప్తా విను. మిరపకాయల ఘాటుకి తుమ్ముకుంటూ ఒక్కో షాపు తాళం చేత్తో లాగి చూసుకుంటూ పోవాలి, బీటుకి వచ్చినట్టు అక్కడుండే పట్టా బుక్కులో సంతకం పెట్టాలి, దారిపొడుగునా తోపుడుబళ్ళ మీద కూలీలు పడుకునుంటారు. కూలీ అయితే చెప్పులు తల కింద పెట్టుకుంటాడు, పోతే మళ్ళీ కొనలేడు గనక. కాళ్ళకి వేసుకునే పడుకున్నాడంటే లేచి పరిగెత్తాల్సినవాడన్నమాట. నేనైతే వాడి పక్కన నిలబడి బీడీ ముట్టించేవాణ్ణి, ఏమీ అనేవాణ్ణి కాదు, నిజంగా నిద్రపోయేవాడు కదలడు, నటించేవాడి కనురెప్పలు ఆడతాయి. ఇది కెమెరాకి కనపడేదే కదా, మాట అక్కర్లేదు, కావాలంటే వాడుకో.

బంపర్ హోటళ్ళలో ఊరికే తింటాడు, అది మీరు తీసేద్దాం అనుకుంటున్నారట, హీరో మీద జాలి పోతుందని. తీయొద్దు. ఆ ఊరికే తిన్నదానికి లెక్క ఉంటుంది, ఇడ్లీ పెట్టినాయన మర్నాడు నోరు తెరిచి ఏమీ అడగడు, షాపు ముందు బళ్ళు అడ్డంగా ఉంటే ఏట్టయ్యా (హెడ్ కానిస్టేబుల్ ని అక్కడ అలాగే పిలుస్తారు) కొంచెం చూడండి అంటాడంతే, మనం చూస్తాం. పక్క షాపతనికి మాత్రం చలానా పడుతుంది. అది పెడితేనే మనిషి. (మీ నాన్న డబ్బులిచ్చి తినేవాడా అని మీ అమ్మని అడగొద్దు, ఆవిడ ఇప్పుడే వెనకనుంచి చదువుతోంది.)

నవల్లో కోర్టు సీన్ ఒకటుంది, బంపర్ బోనులో అబద్ధం చెప్పి దొరికిపోతాడు చూడు, నాకు అన్నిటికన్నా అదే గట్టిగా తగిలింది. దొంగ నిజంగా దొంగే, కానీ వాణ్ణి ఎలా పట్టుకున్నాడో నిజం చెప్తే కేసు నిలవదు, అందుకని కట్టుకథ. జార్జ్ టౌన్ కోర్టుల్లో ఎంతమందిని చూశానో, లాయరు చిన్న గొంతుతో ఆ వీధిలో లైటు ఏ వైపు ఉందండీ అని అడుగుతాడు, అంతే, సాక్ష్యం చెప్పే కానిస్టేబుల్ చెయ్యి బెల్టు మీదకి పోతుంది. అరుపులు ఉండవు, టేబుల్ మీద గుద్దడాలు ఉండవు. మీ రైటర్ అబ్బాయి ఆ సీన్ లో హీరో చేత రెండు పేజీల ఉపన్యాసం ఇప్పించాడని చెప్పావే, అది కొట్టేయమను. జడ్జి తల ఎత్తి ఒక్క చూపు చూస్తే చాలు.

ఇంకోటి, హిట్టయితే సీజన్ టూ అంటున్నారట మీ ప్రొడ్యూసర్లు. అక్కడా అదే చేశారు, 1975లో సీబీఎస్ టీవీ వాళ్ళు జార్జ్ కెనెడీతో వారం వారం సిరీస్ చేశారు, 1976కల్లా అయిపోయింది. నాకు ఆశ్చర్యం అనిపించలేదు. రిటైర్ అవ్వాల్సిన మనిషి కథ అది, వాడు ప్రతి వారం కొత్త దొంగని పట్టుకుంటూ కూర్చుంటే ఇంక రిటైర్మెంట్ బాధ ఎక్కడుంటుంది? నవల చివర వాడు ఏం చేస్తాడో ఇక్కడ రాయట్లేదు, మీ అమ్మ ఆఖరి భాగం ఇంకా చూడలేదు, చెప్తే చంపేస్తుంది.

కోర్టు సీన్ మార్చి రాశాక నాకు వాయిస్ లో చదివి పంపు, టైపు చేస్తే ఫోన్ లో అక్షరాలు కనపడట్లేదు, కళ్ళజోడు మార్చాలి. సంక్రాంతికి టికెట్ ఇప్పుడే బుక్ చేసుకో, తర్వాత వెయిటింగ్ లిస్ట్ అని ఏడుస్తావు.

నాన్న