ఫుట్‌పాత్ మీద బల్లలు వేసే ముందు: మేయర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మేయర్ గారికి,

నమస్కారం.

విషయం: ఆరుబయట మద్యం నిబంధనల మార్పు, వ్యాపార వీధుల్లో మామూలు దుకాణాల మనుగడ.

రెస్టారెంట్లు, బార్లు ఫుట్‌పాత్ మీద బల్లలు వేసుకుని అక్కడే మద్యం వడ్డించుకోవచ్చని నిబంధనలు సడలించబోతున్నారు. దీని మీద నగరంలో రెండు వర్గాలయ్యాయి. వీధులకు కళ వస్తుందని కొందరు, సాయంత్రమైతే ఆడపిల్లలు నడవలేని పరిస్థితి వస్తుందని మరికొందరు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. కానీ ఈ వాదనల్లో అద్దెల ఊసు ఎవరూ ఎత్తడం లేదు. అందుకే ఈ లేఖ రాయాల్సి వచ్చింది.

షట్టరు ముందు పది కుర్చీలు వేసుకునే హక్కు వస్తే, లోపల ఒక్క అడుగు పెరగకపోయినా వ్యాపారానికి చోటు పెరిగినట్టే. ఆ కుర్చీల దగ్గర మద్యం కూడా అమ్ముకోవచ్చంటే రాబడి ఇంకా పెరుగుతుంది. ఈ లెక్క బిల్డింగ్ ఓనర్లకు బాగా తెలుసు. అగ్రిమెంటు తిరగరాసే రోజున అద్దెలో ఆ కుర్చీల రాబడిని కూడా కలిపి అడుగుతారు. బార్ నడిపేవాళ్లు ఇచ్చుకోగలరు. పక్కనే బట్టలు కుట్టే ఆయన, తాళాలు బాగుచేసే ఆయన, పుస్తకాల షాపు ఆవిడ ఎక్కడి నుంచి తెచ్చి ఇస్తారు? వాళ్లకు బయట చోటు ఇచ్చినా దాంతో రాబడి పెరగదు. ఒక్కో షట్టరు మీద టు-లెట్ బోర్డు పడుతుంది. కొన్నేళ్లకు చొక్కాకి గుండీ కుట్టించుకోవాలన్నా బస్సెక్కాల్సి వస్తుంది. పగలంతా మూసి ఉండి, చీకటి పడ్డాకే తెరుచుకునే వీధి అక్కడ కాపురం ఉండేవాళ్లకు దేనికి పనికొస్తుంది?

ఆరుబయట కూర్చోవడాన్ని నేను వ్యతిరేకించడం లేదు. కోవిడ్ కాలంలో ఎన్నో రెస్టారెంట్లను నిలబెట్టింది ఆ కుర్చీలే. ఇంగ్లండ్‌లో 2020లో తాత్కాలికంగా తెచ్చిన పేవ్‌మెంట్ లైసెన్సులను, అంటే ఫుట్‌పాత్ మీద బల్లలు వేసుకునే అనుమతులను, 2023 చట్టంతో శాశ్వతం చేశారు. అయితే అక్కడ లైసెన్సుతో పాటే ఒక షరతు ఉంటుంది, దారికి అడ్డం రాకూడదని. నడవడానికి మామూలుగా 2 మీటర్లు, అది వీలుకాని చోట కనీసం 1.5 మీటర్లు ఖాళీ ఉండాలని అక్కడి ప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతాయి.

ఈ కొలతను కాగితం మీద చూస్తే సరిపోదు. ఎవరూ కూర్చోనప్పుడు బల్ల కిందకి తోసి ఉన్న కుర్చీ చోటు పెద్దగా తీసుకోదు. మనిషి కూర్చుంటే వెనక్కి జరుగుతుంది, పక్కన బ్యాగు పెడతారు, కాళ్లు చాపుతారు, పలకరించడానికి వచ్చిన స్నేహితుడు పక్కనే నిలబడతాడు. పొద్దున తనిఖీకి వచ్చిన అధికారి టేపు పెట్టి కొలిచినప్పుడు ఉన్న దారి రాత్రి ఎనిమిదింటికి ఉండదు. చూపులేని వ్యక్తి చేతికర్ర కుర్చీ కాళ్ల మధ్య ఇరుక్కునేది అప్పుడే. వీల్‌చైర్ రోడ్డు మీదకు దిగాల్సి వచ్చేదీ అప్పుడే. కాబట్టి మీ ఉత్తర్వులో కొలత రాయిస్తే, మనుషులు కూర్చుని ఉన్నప్పుడు మిగిలే దారి అని స్పష్టంగా రాయించండి. తనిఖీలు కూడా రాత్రి పూటే చేయించండి.

ఇక మద్యం సంగతి. ముసాయిదా ప్రకారం లైసెన్సు ఉన్న బల్ల దగ్గర తాగితే తప్పు లేదు, రెండు గజాల అవతల బెంచీ మీద తాగితే జరిమానా. ఈ తేడాను ఎలా సమర్థిస్తారో ప్రజలకు చెప్పాలి. బార్ బిల్లు కట్టగలిగినవాడికి వీధిలో తాగే హక్కు ఇచ్చి, కట్టలేనివాడిని శిక్షించడం న్యాయం కాదు.

సింగపూర్ అనుభవం చూడండి. 2013 డిసెంబరులో లిటిల్ ఇండియాలో జరిగిన అల్లర్ల తర్వాత, 2015 ఏప్రిల్ నుంచి రాత్రి 10.30 మొదలు ఉదయం 7 దాకా బహిరంగ ప్రదేశాల్లో మద్యం తాగడాన్ని అక్కడ నిషేధించారు. లిటిల్ ఇండియా, గేలాంగ్ ప్రాంతాల్లో వారాంతమంతా నిషేధమే. బార్లు, రెస్టారెంట్లలో మాత్రం తమ లైసెన్సు వేళల ప్రకారం తాగవచ్చు. వారానికి ఒక్క సెలవు దొరికే వలస కూలీలు ఎక్కువగా చేరేది లిటిల్ ఇండియాలోనే. అంటే నిబంధన అందరికీ అని రాసినా, దాని బరువు ఎక్కువగా పడింది వాళ్ల మీదే. టోక్యోలోని షిబుయా వార్డు 2024 అక్టోబరు నుంచి స్టేషన్ చుట్టుపక్కల సాయంత్రం 6 నుంచి ఉదయం 5 దాకా వీధిలో తాగడాన్ని ఏడాది పొడవునా నిషేధించింది. దానికి శిక్ష ఏమీ పెట్టలేదు. సిబ్బంది తిరుగుతూ తాగొద్దని నచ్చజెబుతారు. నాకు ఈ పద్ధతే నచ్చింది. న్యూ ఆర్లీన్స్‌లోనైతే ఫ్రెంచ్ క్వార్టర్ వీధుల్లో చేతిలో మద్యంతో నడవొచ్చు. అది ప్లాస్టిక్ కప్పులో ఉండాలి, గాజు పనికిరాదు.

గాజు వద్దనడం చిన్న విషయంగా కనిపించవచ్చు. తెల్లవారుజామున వీధులు ఊడ్చేవాళ్లను అడగండి. పగిలిన సీసా పెద్ద ముక్కలు చీపురుకు వస్తాయి. టైల్స్ సందుల్లో ఇరుక్కున్న పలుకులు రావు. వంగి, వేళ్లతో ఒక్కొక్కటీ ఏరాల్సిందే. ఆరుబయట మద్యానికి అనుమతి ఇస్తున్న ముసాయిదాలో ఈ పని ఎవరు చేయాలి, ఖర్చు ఎవరు పెట్టుకోవాలి అన్న మాటే లేదు. లైసెన్సు తీసుకునేవాళ్లే ఆ ఖర్చు భరించాలి. పారిశుధ్య సిబ్బందికి మందపాటి చేతి తొడుగులు కూడా అందులోంచే రావాలి.

శబ్దం గొడవ గురించి కొత్తగా చెప్పాల్సింది లేదు. పాత ఇళ్ల పక్కకు కొత్త బార్ వస్తే శబ్దం బయటకు రాకుండా చూసే బాధ్యత బార్‌ది. పాత సంగీత వేదిక పక్కన కొత్త అపార్ట్‌మెంట్లు కడితే ఆ బాధ్యత బిల్డర్‌ది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం సంగీత వేదికల విషయంలో 2014లోనే ఈ సూత్రాన్ని ప్రణాళికా నిబంధనల్లో చేర్చింది. మనమూ చేర్చుకోవచ్చు.

మళ్లీ దుకాణాల దగ్గరికి వస్తాను. మార్కెట్ ఎటు పోతే అటు పోనివ్వాలి, నగరపాలక సంస్థ చేయగలిగింది లేదు అని కౌన్సిల్‌లో కొందరు అంటున్నారు. చేసి చూపించిన నగరాలున్నాయి. పారిస్ 2004 నుంచి సెమాయెస్త్ అనే సంస్థ ద్వారా కొన్ని పేటల్లో కింది అంతస్తు షాపులను కొని, పుస్తకాల షాపులకు, చేతిపనివాళ్లకు, రోజువారీ సరుకుల దుకాణాలకు అద్దెకిచ్చింది. ఆమ్‌స్టర్‌డామ్ 2017లో నగర కేంద్రంలో పర్యాటకుల కోసమే నడిచే కొత్త షాపులను ఆపేసింది. శాన్ ఫ్రాన్సిస్కోలో చాలా పేటల్లో చెయిన్ స్టోర్, అంటే ఒకే పేరుతో చాలా చోట్ల శాఖలుండే దుకాణం తెరవాలంటే ప్రత్యేక అనుమతి కావాలి. ముప్పై ఏళ్లుగా నడుస్తున్న దుకాణాలను గుర్తించి తోడ్పడటానికి 2015లో అక్కడ ఒక పథకం కూడా మొదలైంది. వీటిలో ఏదీ అద్దెల సమస్యను పూర్తిగా తీర్చలేదు. అయినా ఆ నగరాలు చేతులు కట్టుకుని కూర్చోలేదు.

నేను కోరేది ఒకటే. బల్లలకు అనుమతి, దుకాణాలకు రక్షణ రెండూ ఒకే ఉత్తర్వులో ఉండాలి. రక్షణ సంగతి తర్వాత చూద్దామంటే అప్పటికి అగ్రిమెంట్లు మారిపోతాయి. ఏ వీధిలో ఎన్ని షట్టర్లకు ఆరుబయట మద్యం లైసెన్సు ఇస్తారో ముందే పరిమితి పెట్టండి. లైసెన్సు రుసుములో కొంత భాగం అదే వీధిలో చాలా ఏళ్లుగా ఉన్న చిన్న దుకాణాల అద్దె సాయానికి మళ్లించండి. లైసెన్సు ఏడాదికి మించి ఇవ్వకండి. పునరుద్ధరించే ముందు ఆ వీధిలో ఎన్ని మామూలు షాపులు మూతపడ్డాయో లెక్క తీయించి, ఆ లెక్కను అందరికీ కనిపించేలా పెట్టండి.

చివరిగా, ప్రజాభిప్రాయ సేకరణ పగటి పూట పెట్టబోతున్నారని విన్నాను. ఆ వేళకు చిన్న కొట్టు నడిపేవాళ్లు కౌంటరు వదిలి రాలేరు, ఊడ్చేవాళ్లు అప్పుడే షిఫ్టు దిగి నిద్రపోతుంటారు. బార్ యాజమాన్యాల తరఫున లాయర్లు మాత్రం తప్పకుండా వస్తారు. దయచేసి ఆ సమావేశాన్ని ఆదివారం సాయంత్రానికి మార్చండి. ఏదో ఒక వ్యాపార వీధిలోనే, కింది అంతస్తులో ఉన్న హాల్లో, వీల్‌చైర్ లోపలికి వచ్చే చోట పెట్టండి. ముసాయిదా ప్రతిని వారం ముందే ప్రతి షాపుకూ చేర్చండి.

ఇట్లు,
ఈ నగర పౌరుడు