జిరాక్స్ షాపు బాబాయ్ గారికి

ఈ రోజు మధ్యాహ్నం నా ఎం.ఎడ్. వైవా అయిపోయింది. మూడు రోజులుగా సరిగ్గా నిద్ర లేదు, రాతలో తప్పులుంటే క్షమించండి. పడుకునేలోపే ఇది రాసేయాలి.

శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర సందులో చిన్న జిరాక్స్ షాపు. పోయిన వారం ఓ రాత్రి ఏడున్నరకి ఏడుపు మొహంతో అక్కడికి వెళ్లాను. తెల్లారితే డిజర్టేషన్, అంటే నా పరిశోధన పుస్తకం, ఇచ్చేయాలి. ఇంగ్లిష్ చాప్టర్లు బాగానే ఉన్నాయి. చివర్లో పిల్లలు తెలుగులో చెప్పిన జవాబులు 'అను' అనే తెలుగు ఫాంట్లలో కొట్టించాను, ఎక్కడ తెరిచినా పిచ్చి గీతలే. అప్పటికే రెండు షాపులవాళ్లు కుదరదనేశారు. ఈయన పెన్‌డ్రైవ్ పక్కన పెట్టి, "రాతకాగితాలున్నాయి కదా తల్లీ, ఇంకేటి భయం? కూర్చో" అన్నారు. షట్టరు సగం దించి పదహారు పేజీలూ మళ్లీ కొట్టారు. తొమ్మిదింటికి పిన్నిగారు కేరియర్ తెచ్చారు, నాకూ కలిపి.

నా అంశం ఎచ్చెర్ల తీరం పిల్లల చదువు, మనసు. వాళ్ల నాన్నలు చేపల వేటకని గుజరాత్‌లోని వేరావల్ వెళ్లిపోతారు. 2018లో అలా వెళ్లి పాకిస్తాన్‌కి చిక్కిన మనవాళ్లు 2020 జనవరికి గానీ ఇంటికి రాలేదు. ఆ భయం ఆ ఇళ్లలో ఇంకా ఉంది. బౌల్బీ అనే బ్రిటిష్ మనోవైద్యుడు 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి ఇచ్చిన నివేదిక తల్లికి దూరమైన పిల్లల గురించి. నెలల తరబడి తండ్రిని ఫోన్‌లోనే చూసే పిల్లల సంగతి మనమే రాసుకోవాలి కదా అని మొదలుపెట్టాను.

ఏడో తరగతి బాబు ఒకడు చెప్పాడు: "నాన్న ఫోన్లో కనబడతాడు టీచర్. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం ఎలా పెడతాడు?"

ఆ లైను దగ్గర బాబాయ్ గారి చేతులు ఆగిపోయాయి. కళ్లద్దాలు తుడుచుకుని, "మరి ఈడికి ఎవరు పెట్టారమ్మా?" అన్నారు.

నాకు తెలీదు. నేను అడగలేదు. ప్రశ్నావళిలో ఆ గడి లేదు, తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయాను. నాలుగు సెమిస్టర్లు సైకాలజీ చదివి కూడా! అక్కడే కూర్చుని ఏడ్చేశాను. ఆయన ఏమీ అనలేదు. ఫ్యాను నా వైపు తిప్పి, మళ్లీ టైపు చేసుకున్నారు.

అయ్యేసరికి పన్నెండున్నర. పొద్దున్న ఏడింటికల్లా బైండింగు కూడా చేయించి ఉంచారు. ప్రింట్లకీ బైండింగుకీ తీసుకున్నారు గానీ, టైపింగుకి ఒక్క రూపాయి ముట్టుకోలేదు.

కాలేజీలో మాత్రం తేదీ రెండుసార్లు మార్చారు, అదీ రాత్రి పదింటికి గ్రూపులో మెసేజ్ పెట్టి. మార్జిన్ సరిపోలేదని ఒకసారి, అట్ట రంగు కాదని ఒకసారి తిప్పి పంపారు. పిల్లలేం చెప్పారో అక్కడ ఒక్కరూ చదవలేదు. కౌన్సెలింగ్ గురించి ఒక పేపరంతా రాయించారు, నేను తిరిగిన బడుల్లో ఒక్క కౌన్సెలర్ లేరు. ఎవరికి చెప్పుకోవాలి?

అమ్మ, అత్తయ్య, మా ఆయన ఇల్లూ పిల్లల్నీ చూసుకున్నారు. వాళ్లకి తెలుసు.

అయ్యో, టి-టెస్ట్ లెక్కలు ఓపిగ్గా నేర్పిన మా బ్యాచ్ చెల్లికి, లైబ్రరీ అక్కకి కూడా థాంక్స్. బడిలోకి రానిచ్చిన హెడ్‌మాస్టారుకీ. బాబాయ్ గారూ, సాయంత్రం ఆ మాస్టారికి ఫోన్ చేసి కనుక్కున్నాను. ఆ బాబు కార్డు మీద వాళ్ల నాయనమ్మ వేలిముద్ర వేసిందట.

ఆ రాత్రి నేను లోపలికెళ్లి తలుపేసుకునేదాకా వీధి చివర ఆగిన ఆటో తమ్ముడికి కూడా. పేరు అడగలేదు.