కాజీపేట అన్నకు అందరి ముందూ థ్యాంక్స్

పేరు రాయొద్దని గట్టిగా చెప్పాడు, అందుకే రాయట్లేదు. కానీ నలుగురిలో చెప్పుకోకపోతే నాకు మనసొప్పదు.

నా ప్రాజెక్టు మన వైపు గొలుసుకట్టు చెరువుల మీద. పాకాల మొదలుకొని ఒక్కో చెరువు హద్దులు ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో మ్యాప్ చేయాలి. ఆర్‌లో మ్యాపుల పనికి వాడే ఎస్ఎఫ్ ప్యాకేజీ లేనిదే అది కాదు. ల్యాబ్‌లో విండోస్ మీద ఒక్క కమాండ్ కొడితే చిటికెలో ఎక్కేది. ఇంట్లో పాత కంప్యూటర్‌లో విండోస్ కాదు, ఉబుంటు 22.04 అనే లినక్స్ ఉంది. అదే కమాండ్ ఇక్కడ కొడితే ఏవేవో లైన్లు పరిగెత్తి, చివరికి 'నాన్-జీరో ఎగ్జిట్ స్టేటస్' అని, అంటే ప్యాకేజీ ఎక్కలేదని చెప్పి ఆగిపోయేది. మూడు రోజుల్లో ఆర్‌ను రెండుసార్లు తీసేసి మళ్లీ వేశాను. మంగళవారం గైడ్‌కు మ్యాపులు చూపించాలి. టెన్షన్‌తో అన్నం కూడా సయించలేదు.

ఆదివారం రాత్రి అన్న డ్యూటీ దిగి నేరుగా హనుమకొండలో మా ఇంటికే వచ్చాడు. కీబోర్డు ముట్టుకోలేదు. "కమాండ్ మళ్లీ కొట్టు చెల్లె. కింది లైన్ వదిలేసి మెల్లగా పైకి పో" అన్నాడు. పోతే, యూనిట్స్ ప్యాకేజీ లేక ఎస్ఎఫ్ ఎక్కలేదని ఉంది. ఇంకా పైన 'లిబ్‌యుడ్‌యూనిట్స్2.ఎస్ఓ' అనే లైబ్రరీ ఫైలు దొరకలేదని, ఉబుంటు అయితే ఏం వేసుకోవాలో కూడా పేరుతో సహా రాసి ఉంది. మూడు రోజులుగా నా కళ్ల ముందే ఉంది అది!

విండోస్‌కు క్రాన్ (ఆర్ ప్యాకేజీలు దొరికే సైటు) నుంచి కంపైల్ చేసిన, అంటే నేరుగా నడిచేలా తయారు చేసిన ప్యాకేజీయే వస్తుందట. నా ఉబుంటుకు వచ్చేది సోర్స్ కోడ్, కంపైల్ చేసుకోవాల్సింది మన కంప్యూటరే. "క్యూజిస్ మంచిగానే నడుస్తుంది కదన్నా, అంటే జీడాల్ ఉన్నట్టేగా?" అని అడిగాను. క్యూజిస్ మ్యాపుల సాఫ్ట్‌వేర్, జీడాల్ అది మ్యాపు ఫైళ్లు చదవడానికి వాడే లైబ్రరీ; ఎస్ఎఫ్‌కూ అదే కావాలి. "నడవడానికి లైబ్రరీ చాలు. దాన్ని పట్టుకుని ఇంకోటి కంపైల్ చేయాలంటే, ఆ లైబ్రరీలో ఏమేం ఉన్నాయో చెప్పే హెడర్ ఫైళ్లు కావాలి. అవి 'డెవ్' అని ఉండే ప్యాకేజీలో విడిగా వస్తాయి" అన్నాడు. రెండేళ్లుగా వాడుతున్నా, ఈ ముక్క నాకు ఎవరూ ఇంత తేటగా చెప్పలేదు.

ఎర్రర్‌లో పేరున్న ఆ ఒక్కటే వేస్తే మళ్లీ జీడాల్ దగ్గర ఆగుతుందని, కావాల్సినవన్నీ ఒకేసారి వేయించాడు. తర్వాత జీ++ (కంపైల్ చేసే ప్రోగ్రామ్) అని మొదలయ్యే పొడుగాటి లైన్లు, ఫ్యాను హోరు. ఆగిపోయిందేమో అనుకున్నాను. "కదిలించకు, పని చేస్తుంది" అన్నాడు. అమ్మ పెట్టిన సర్వపిండి తింటూ ఇద్దరం స్క్రీన్ వైపే చూస్తూ కూర్చున్నాం. ఆర్‌లో ఎస్ఎఫ్‌ను పిలవగానే, అది వాడుకునే లైబ్రరీల పేర్లు 'జియోస్ 3.10.2, జీడాల్ 3.4.1, ప్రోజ్ 8.2.1' అని వచ్చాయి. పదకొండున్నరకు పాకాల చెరువు హద్దు స్క్రీన్ మీద కనిపిస్తే నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

అన్నా, నీ మేలు మరువను. అమ్మ కూడా చెప్పమంది.

నువ్వు అడిగింది ఒక్కటే, ఇంకెవరైనా ఇట్లాగే పరేషాన్ అవుతుంటే పనికొస్తుందని ఆ పేర్లు రాయమన్నావు. నా కంప్యూటర్‌లో లేకపోయినవి ఇవి: లిబ్‌యుడ్‌యూనిట్స్2-డెవ్, లిబ్‌జీడాల్-డెవ్, లిబ్‌జియోస్-డెవ్, లిబ్‌ప్రోజ్-డెవ్.