కొత్త సైట్‌కి మారుతున్నాం, మీ ప్రోగ్రెస్‌తో సహా

మన కోర్సులు ఇన్నాళ్లూ నడిచిన ప్లాట్‌ఫామ్‌ని వదిలేస్తున్నాం. అవే పాఠాలు ఇకపై మా సొంత సైట్‌లో ఉంటాయి. మీరు మళ్లీ ఫీజు కట్టక్కర్లేదు. అయితే చెప్పిన తేదీకి మారలేకపోయాం, ఎందుకో మీకు తెలియాలి.

మారతామని చెప్పగానే ఆ ప్లాట్‌ఫామ్ వాళ్లు, డేటా బయటికి తీసుకోవడానికని ఒక ఎక్స్‌పోర్ట్ బటన్ చూపించారు. నొక్కితే వచ్చిన ఫైల్లో మీ పేరు, ఈమెయిల్, చేరిన తేదీ, అంతే. ఎవరు ఏ పాఠం దాకా వచ్చారో లేదు, క్విజ్ మార్కులు లేవు. పాఠాల కింద మీరు అడిగిన సందేహాలు, వాటికి మేం అర్ధరాత్రి దాకా కూర్చుని రాసిన జవాబులు ఒక్కటీ లేవు. అడిగితే ‘మీ ప్లాన్‌లో ఇంతే’ అన్నారు. నెలనెలా డబ్బు కడుతూ వచ్చినవాళ్లతో అనాల్సిన మాటేనా అది? ఆ జవాబులు మావి, ఆ ప్రశ్నలు మీవి. వాళ్లవి కావు.

అందరి ప్రోగ్రెస్ సున్నా చేసి మొదలుపెట్టవచ్చు. లేదా అందరికీ ‘పూర్తయింది’ అని పెట్టేయవచ్చు, ఎవరూ గొడవ చేయరని చాలామంది సలహా ఇచ్చారు. నిజమే, చేయరు. కానీ ఒక్కో క్విజ్ కష్టపడి పాసైనవారికీ, మొదటి పాఠం కూడా తెరవనివారికీ ఒకే సర్టిఫికెట్ ఇవ్వడానికి నా మనసు ఒప్పలేదు. సున్నా చేయడం అంతకన్నా అన్యాయం. నిద్ర పట్టనంత టెన్షన్ పడి, చివరికి తేదీ వాయిదా వేసి, మీ రికార్డులన్నీ తెచ్చే స్క్రిప్ట్ (చిన్న ప్రోగ్రామ్) రాయించాను. మొండితనం అనుకుంటే అనుకోండి.

బటన్ ఇవ్వని వివరాలు ఏపీఐలో, అంటే ప్రోగ్రామ్‌లు నేరుగా డేటా అడిగి తీసుకునే దారిలో, దొరికాయి. స్క్రిప్ట్ వాటిని పేజీ తర్వాత పేజీ తీసుకుంటుంది. వేగం పెంచితే ‘మరీ ఎక్కువసార్లు అడుగుతున్నారు’ అనే 429 ఎర్రర్ వస్తుంది కాబట్టి ఆగి ఆగి నడుస్తుంది, అందుకే ఇంత ఆలస్యం. వచ్చిన డేటాను ముందు ఉన్నదున్నట్టు జేసన్ అనే ఫార్మాట్ ఫైళ్లలో దాచి, ఆ తర్వాతే సీఎస్‌వీగా, అంటే పట్టికలా తెరుచుకునే ఫైల్‌గా మారుస్తున్నాం. వీడియో లింకులకు గడువు ఉంటుంది కనుక ఫైళ్లనే దింపుకున్నాం.

రానిది మీ పాస్‌వర్డ్ ఒక్కటే. అది వాళ్ల దగ్గర హాష్ రూపంలో, అంటే తిరిగి పాస్‌వర్డ్‌గా మార్చలేని కోడ్‌లా ఉంటుంది, బయటికి ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. కొత్తది పెట్టుకోమని మెయిల్ వస్తుంది. లాగిన్ అయ్యాక మీ ప్రోగ్రెస్ ఒకసారి చూసుకుని, తేడా ఉంటే ఆ మెయిల్‌కే జవాబివ్వండి. మీ రికార్డులన్నీ సరిపోయాయని తేలేదాకా, రెండు చోట్లా డబ్బు కట్టాల్సి వచ్చినా, పాత అకౌంట్ మూయను.