మంత్రి గారూ, ముందు మా మట్టి పరీక్షకు పైసలివ్వండి

తెలంగాణ పర్యావరణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. సంగారెడ్డి జిల్లాలో నక్కవాగు ఒడ్డున నాకు ఎకరం పది గుంటల భూమి ఉంది. మా నాయన కాలంలో ఆ వాగు నీళ్లతోనే వరి పండేది. పటాన్‌చెరు, బొల్లారం వైపు ఫ్యాక్టరీలు పెరిగాక ముందు నీళ్ల రంగు మారింది, తర్వాత వాసన మారింది, చివరికి బర్రెలు కూడా మూతి పెట్టడం మానేశాయి. ఇదేమీ మీకు కొత్త కాదు. 1990లోనే సుప్రీంకోర్టుకెక్కిన గొడవ. 2009లో కేంద్రం తీవ్రంగా కలుషితమైనవని తేల్చిన 43 పారిశ్రామిక ప్రాంతాల్లో పటాన్‌చెరు–బొల్లారం ఒకటి.

పాత గొడవ తవ్వడానికి రాయడం లేదు. నా మడిలో ఏముందో తెలియక రాస్తున్నాను.

ఆ మధ్య మట్టి సంచిలో వేసుకుని పరీక్షకు తీసుకెళ్తే భూసార కార్డు చేతిలో పెట్టారు. అందులో పన్నెండు అంశాలు ఉంటాయి: నత్రజని, భాస్వరం, పొటాష్, జింకు, రాగి, ఉప్పు శాతం వగైరా. నా పొలంలో జింకు, రాగి ‘సరిపడా’ ఉన్నాయట! సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. ఆర్సెనిక్, సీసం, క్రోమియం సంగతేంటని అడిగితే, అవి ఇక్కడ చూడరన్నారు. వాళ్ల తప్పు కాదు, ఆ కార్డు ఎరువులు ఎంత వేయాలో చెప్పడానికి పుట్టింది. ప్రైవేటు ల్యాబులో చేయించుకుందామంటే ఈ ఎకరం మీద వచ్చేది దానికే సరిపోదు.

2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు దాదాపు 90 మందుల కంపెనీల మురుగు చేరే మా శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లు పరీక్షించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు కనపడింది. ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో ఉండేదాని కన్నా ఎక్కువ. రెండేళ్ల తర్వాత ఈ చుట్టుపక్కల ఊళ్ల బావుల్లోనూ మందుల జాడ దొరికింది. అంత దూరం నుంచి వచ్చినవాళ్లు నీళ్లు చూసి వెళ్లారు. నా సర్వే నంబరు మట్టిని మాత్రం ఇప్పటిదాకా ఎవరూ చూడలేదు.

ఇప్పుడు నిబంధనలు కూడా వచ్చాయి. కలుషిత ప్రదేశాల నిర్వహణ కోసం కేంద్రం 2025 జులైలో తెచ్చిన నిబంధనల ప్రకారం, అనుమానమున్న చోట్ల వివరాలు జిల్లా యంత్రాంగం ఆర్నెల్లకోసారి పంపాలి. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి 90 రోజుల్లో ప్రాథమిక పరీక్ష చేయాలి, ఆపైన మూడు నెలల్లో లోతైన సర్వే. బాగు చేసే ఖర్చు పాడు చేసినవాడిది, వాడు దొరక్కపోతే ప్రభుత్వాలది. మా జిల్లా నుంచి వెళ్లిన వివరాల్లో నక్కవాగు ఒడ్డు పొలాలు ఉన్నాయా?

నా భయం ఒక్కటే. ఏ కంపెనీ వదిలిందో తేలాలంటే ఇంకో తరం పడుతుంది. కొన్ని మూతపడ్డాయి, కొన్ని పేర్లు మార్చుకున్నాయి. అది తేలేదాకా పరీక్షలు ఆపకండి. మట్టిని రెండు మూడు లోతుల్లో, బోరు నీళ్లను వానలకు ముందొకసారి, తర్వాతొకసారి పరీక్షించడానికి జిల్లాకు విడిగా నిధులు ఇవ్వండి. ఆ ఖర్చు తర్వాత వాళ్ల దగ్గర వసూలు చేసుకోవచ్చు.

ఇంకో మాట దాచకుండా చెప్పాలి. ఈ లేఖ రాస్తున్నానంటే మా ఊళ్లోనే కొందరికి కోపం. ‘పాడైన భూమి అని కాగితం మీద రాస్తే గజం కూడా అమ్ముడుపోదు, రైతు భరోసా కూడా ఆపుతారు’ అని మా బాబాయే తిట్టాడు. ఆయన టెన్షన్ ఉత్తదేం కాదు. భూములున్నవాళ్లు ఎప్పుడో ప్లాట్లు చేసి వెళ్లిపోయారు, మిగిలింది ఎకరం అరెకరం వాళ్లం, కౌలు రైతులం. పరీక్షలో ఏం తేలినా భరోసా ఆగదని, సాగు ఆపమంటే ఆ పంట డబ్బు ఇస్తామని ముందే రాతపూర్వకంగా చెప్పండి. అప్పుడు మా బాబాయి కూడా గేటు తీస్తాడు. ఫలితాలు ఏవొచ్చినా పంచాయతీ ఆఫీసు గోడ మీద తెలుగులో అంటించండి.

వానాకాలం నాట్లు పడక ముందే మనుషుల్ని పంపండి. మడిలో నీళ్లు నిలిచాక మట్టి తీయడం కుదరదు.

ఇట్లు,
నక్కవాగు ఒడ్డు రైతు,
సంగారెడ్డి జిల్లా