పదసేకరణ సంఘం వార్షిక నివేదిక: బారెడు పొద్దు, ఆలూ చూలూ

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది నెలకోసారి కలుసుకున్నాం. నియమం పాతదే: వచ్చేవాళ్లు ఒక మాటో, సామెతో, వింత సంగతో వెంట తేవాలి, అది ఎవరి నోట విన్నారో కూడా చెప్పాలి. రెండోదే కష్టం. 'ఎక్కడో విన్నానండీ' అంటే మన పుస్తకంలోకి ఎక్కించడం లేదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1962లో వచ్చిన వ్యవసాయ వృత్తిపదకోశం చూడండి. ఏ మాట ఏ ప్రాంతంలో వాడతారో అందులో రాసి ఉంటుంది. మనది చిన్న పనే అయినా పద్ధతి మాత్రం అదే ఉండాలని నా కోరిక.

అన్నిటికన్నా బాగా జరిగింది కొలతల సమావేశం. పెద్దాయన ఒకరు మాటల్లో 'బారెడు పొద్దెక్కాక లేచాను' అన్నారు. 'బారెడంటే ఎంత తాతగారూ?' అని ఒక అమ్మాయి అడిగింది. ఆయన జవాబు చెప్పకుండా లేచి నిలబడి చేతులు బారచాపారు. ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొస దాకా తాడు పట్టి, అదే తాడును ఆయన పక్కన నిలువుగా పెట్టి చూశాం. ఇంచుమించు ఆయన ఎత్తే ఉంది! మోచేతి నుంచి వేలి కొస దాకా మూర. అలా నాలుగు మూరలు వేసేసరికి తాడు కొంచెం అటూ ఇటూగా అయిపోయింది. తర్వాత జానెడు, బెత్తెడు, పిడికెడు, దోసెడు, గుక్కెడు, చిటికెడు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. ఇన్ని కొలతలు ఒంటిమీదే పెట్టుకుని తిరుగుతున్నామన్న సంతోషంలో ఆ రోజు ఎవరికీ ఇంటికి వెళ్లాలనిపించలేదు.

సామెతల్లో నాకు బాగా నచ్చింది 'ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం'. పిల్లలు చాలామంది ఆలూ అంటే బంగాళాదుంప అనుకుంటున్నారు. వాళ్ల తప్పు లేదు, విడిగా ఆ మాట ఎవరూ వాడటం లేదు కదా. ఆలు అంటే భార్య, చూలు అంటే గర్భం. 'ఆలుమగలు'లో ఉన్నది ఆ ఆలే, 'ఇల్లాలు'లో ఉన్నదీ ఆ ఆలే అని చెప్పగానే ఒక కుర్రాడి ముఖం వెలిగిపోయింది. రోజూ అనే మాటలోనే ఇంకో మాట దాగి ఉందని తెలిసిన క్షణం అది. దానికోసమే నేను ఈ పని చేస్తున్నాను.

బొత్తాం, ఇస్త్రీ, మేస్త్రీ, అలమార పోర్చుగీసు నుంచి వచ్చాయన్నదీ ఈ ఏడే రాసుకున్నాం.

వింత సంగతుల పుస్తకాన్ని మొదటిసారి గట్టిగా వడపోశాం. చందమామ మీది నుంచి చైనా గోడ కనిపిస్తుందన్నదీ, మనిషి మెదడులో పదో వంతే వాడతాడన్నదీ కొట్టేశాం. రెండూ నిజం కావు. తెచ్చినవాళ్లు కాస్త నొచ్చుకున్నారు, అయినా తీసేయక తప్పలేదు. శుక్రగ్రహం సంగతి మాత్రం నిలిచింది: అది తన చుట్టూ తాను తిరగడానికి మన లెక్కలో 243 రోజులు పడుతుంది, సూర్యుడి చుట్టూ తిరిగి రావడానికి 225 చాలు.

ఒక నష్టం కూడా చెప్పాలి. ఒక పెద్దావిడ చెప్పిన సామెతలు నా ఫోన్‌లో రికార్డు చేశాను. కాపీ తీసుకోకముందే ఫోన్ పాడైంది. చాలా టెన్షన్ పడుతూ మళ్లీ వెళ్లి అడిగితే, 'అప్పుడేం చెప్పానో గుర్తులేదు నాయనా, ఇవి రాసుకో' అని కొత్తవి చెప్పారు. పాతవి పోయినట్టే. ఇక నుంచి రికార్డు చేసిన రోజే కాగితం మీద కూడా రాయాలని తీర్మానించాం.

జమాఖర్చుల పట్టిక విడిగా జత చేశాం.

వచ్చే ఏడు మొదటి సమావేశానికి అంశం పొద్దు. వేకువ, తొలికోడి, పొద్దుగూకడం, మాపు ఇప్పటికే చేరాయి. మునిమాపుకూ సందెకూ తేడా ఉందా, ఉంటే మీ ఇంట్లో పెద్దవాళ్లు ఏమంటారు? అడిగి, వాళ్ల మాటల్లోనే రాసి తీసుకురండి.

కార్యదర్శి